సంధ్యవేళ చెన్నపట్నం: శ్రీశ్రీ ‘సంధ్యాసమస్యలు’లో దూరం, సముద్రం

వ్యాససంగ్రహం
శ్రీశ్రీ ‘సంధ్యాసమస్యలు’ను హాస్యఖండికగా చదవడం సులువు. కవితలోని స్థలాలను నగరపటం మీద గుర్తిస్తే మూడు సమస్యల మధ్య ఒక క్రమం తేటపడుతుందని, మూడవ సమస్యలోని విషాదానికి ఆ క్రమమే ఆధారమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: శ్రీశ్రీ, మహాప్రస్థానం, మద్రాసు, ట్రాం, నగరకవిత్వం

ఉపోద్ఘాతం
చీకటి పడే వేళ ట్రాం ఎక్కి, దిగి, కాలినడకన సముద్రతీర నగరాన్ని చుట్టిరావడం ఒకనాడు మద్రాసు తెలుగువారికి అందుబాటులో ఉన్న అనుభవం. అక్కడ 1895లో మొదలైన విద్యుత్ ట్రాం 1953 ఏప్రిల్‌లో ఆగిపోయింది. అదే ఏడాది అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. ఈ రెండు ఘటనలకు కార్యకారణ సంబంధం లేదు. అయితే ఆ తర్వాతి తరాల తెలుగు పాఠకులకు మద్రాసు వీధుల పరిచయం క్రమంగా సన్నగిల్లింది. 1950లో వెలువడిన ‘మహాప్రస్థానం’లోని ఈ చిన్న కవితను చదివే తీరుపై ఆ ఎడబాటు ప్రభావం ఉంది.

1. దూరం ఉన్న సమస్య
మొదటి సమస్య విద్యార్థిది. అతని ముందు రెండు సినిమాహాళ్లున్నాయి. ఒకచోట హాలీవుడ్ తార నార్మా షేరర్, మరొకచోట ‘మాలపిల్ల’ నాయిక కాంచనమాల. ఇంగ్లీషు చదువుకు, తెలుగు మనసుకు మధ్య ఊగే యువకుని స్థితి ఈ రెండు పేర్లలోనే ఉంది. రాక్సీ పురసవాక్కంలోనిది, బ్రాడ్వే జార్జిటౌన్‌లోనిది. రెండూ పక్కపక్కన లేవు. ఏదో ఒకటి ఎంచుకున్నాక నగరంలో ఒక దిక్కుకు ప్రయాణం కట్టాలి. కవితలో ట్రాం ప్రస్తావన లేదు. కాని అటువంటి వాహనాలు తిరిగే నగరం లేకుండా ఈ సందిగ్ధం పుట్టదు. విద్యార్థికి నగరమంతా తెరిచి ఉంది. సాయంకాలం అతని సొంతం.

2. బల్ల మీది సమస్య
రెండవ సమస్య ఉద్యోగిది. అతడు ఉడిపి హోటల్లో రెండు వంటకాల మధ్య తేల్చుకోలేకపోతాడు. ఇక్కడ ప్రయాణం లేదు. నగరం ఒక బల్లంత అయింది. జీతపురాయునికి మిగిలిన స్వేచ్ఛ ఆ సాయంత్రపు ఫలహారం వరకే. పాఠకుడు ఇక్కడ నవ్వుతాడు. ఆ నవ్వు చల్లారకముందే కవి మూడవ మనిషిని చూపుతాడు.

3. సముద్రం
మూడవ సమస్య సంసారిది. అతడు ఎంచుకోవలసినవి చావులు: ఉరి, లేదా సముద్రం. మొదటి ఇద్దరికీ వర్తించిన వాక్యచట్రమే ఇతనికీ వర్తించడంలో కవి క్రూరమైన నిగ్రహం ఉంది. జాలిమాట ఒక్కటీ లేదు. ఎంపిక చేసుకొనే స్థలం నగరం నుంచి బల్లకు, బల్ల నుంచి మనిషి దేహానికి కుదించుకుపోయింది.

ఇదే సంపుటిలోని ‘ఒకరాత్రి’తో పోలిస్తే ఈ సముద్రపు విశిష్టత తెలుస్తుంది. అక్కడ వెన్నెల, కొండ, హోరెత్తే కడలి కలిసి మనిషిని భయపెడతాయి. ప్రకృతి అంతా ఒక వేదనగా మారుతుంది. ‘సంధ్యాసమస్యలు’లో సముద్రానికి వర్ణన లేదు, శబ్దం లేదు. అది ఒక సాధనం మాత్రమే. పగలు ముగించుకొన్న నగరజనం చల్లగాలికి చేరే తీరమే ఇతనికి ఆఖరి మజిలీ కాగలదు. విహారస్థలం, మరణస్థలం ఒకటే కావడం తీరనగరానికే చెల్లిన విషాదం.

4. పటం చేతపట్టి చదవడం
రాక్సీ, బ్రాడ్వే అనే పేర్లు ఉత్త పేర్లుగా మిగిలినప్పుడు మూడు సమస్యలూ ఒకే తూకపు చమత్కారాలుగా వినబడతాయి. అప్పుడు సంసారి చావు కూడా తరగతిగదిలో నవ్వుగానే గడిచిపోతుంది. ఈ నష్టం చిన్నది కాదు.

దీన్ని పూరించే అవకాశం శ్రీ సిటీ పరిసరాల అధ్యాపకులకు దగ్గరలోనే ఉంది. ఇక్కడి సత్యవేడు ప్రాంతం 1960లో సరిహద్దుల సవరణతో ఆంధ్రప్రదేశ్‌లో చేరేదాకా మద్రాసు రాష్ట్రంలోనిదే. చెన్నై ఇప్పటికీ పొరుగు నగరమే. కవితలోని బ్రాడ్వే వీధి నేడు టంగుటూరి ప్రకాశం పేరుతో ప్రకాశం సాలైగా ఉంది. విద్యార్థులను ఒక సాయంత్రం పురసవాక్కం నుంచి జార్జిటౌన్‌కు, అక్కడినుంచి తీరానికి నడిపిస్తే కవితలోని దూరాలు కాళ్లకు తెలుస్తాయి.

ముగింపు
‘సంధ్యాసమస్యలు’ మూడు హాస్యోక్తుల మాలిక కాదు. ఒకే నగరం, ఒకే సాయంకాలం, ముగ్గురికి మూడు కొలతల్లో దక్కిన తీరు. స్థలజ్ఞానం ఇక్కడ విజ్ఞాపికకు చెందిన అదనపు సమాచారం కాదు, అర్థంలో భాగం. మద్రాసులో పుట్టిన తెలుగు రచనలను బోధించేటప్పుడు నిఘంటువు పక్కన నగరపటాన్నీ ఉంచుకోవడం అవసరం.