అరిగిన పట్టా, అరగని ఓపిక

భివండి కనేరిలో సాంచాల (మరమగ్గాల) చప్పుడు మధ్య బతికేవాళ్లకు అరుగుదల అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. అరిగిన భాగాన్ని వేళకు మార్చకపోతే బట్ట చెడుతుంది. అందుకే పక్క జిల్లాలో నేరల్ నుంచి మాథేరాన్ కొండెక్కే చిన్న రైలును చూసినప్పుడల్లా నా చూపు ఇంజిన్ మీద కాక పట్టాల మీదే నిలుస్తుంది.

1907లో మొదలైన ఈ దారిలో పట్టాల మధ్య ఎడం రెండే అడుగులు. మలుపులు ఎక్కువ. ప్రతి మలుపులోనూ చక్రాలు బయటి పట్టా లోపలి అంచును ఒరుసుకుంటూ పోతాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ అంచు పలచబడుతుంది. దాన్ని మార్చాలంటే బిగింపులు విప్పాలి, గునపాలతో పాత పట్టా జరపాలి, కొత్తది పేర్చాలి, గేజు కొలవాలి, స్లీపర్ల కింద కంకర కూరాలి. 2019 వానలకు దెబ్బతిన్న ఈ దారిలో నేరల్ నుంచి రైలు మళ్లీ కొండెక్కింది 2022 అక్టోబరులోనే.

ఇక్కడ ఆ చెమట రైల్వే కార్మికులది. వేల్స్‌లోని టాలిలిన్ రైలుమార్గాన్ని మాత్రం మూతపడనివ్వకుండా 1951లో స్వచ్ఛంద సేవకులు చేతుల్లోకి తీసుకున్నారు. ప్రపంచంలో అలా నిలబడ్డ మొదటి రైలు అదే. జీతం ఆశించకుండా పట్టాలు మోసే ఆ చేతులకు నా దండం.

ఈసారి మాథేరాన్ వెళ్తే, కిటికీలోంచి లోయతోపాటు పట్టా పక్కన గునపం పట్టుకుని నిలబడ్డ మనిషినీ చూడండి. చేయెత్తి పలకరించండి.