ఇంగ్లీషు మోతాదులు, తెలుగు కొలతలు

ఒక భాషనుంచి మరొక భాషలోకి రచనను తెచ్చేటప్పుడు నామవాచకాలకు, క్రియలకు నిఘంటువులు తోడ్పడతాయి. సాంకేతిక పదాలకు పారిభాషిక పదకోశాలున్నాయి. 'ఎంత', 'ఎందరు', 'ఎంతవరకు' అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పే చిన్న మాటలను మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోరు. ఇంగ్లీషునుంచి వచ్చిన తెలుగు వచనంలో అర్థం తరచుగా జారిపోయేది వీటి దగ్గరే. పత్రికావార్త అయినా, కథానువాదమైనా, ప్రభుత్వ ఉత్తర్వు అయినా ఈ మాట వర్తిస్తుంది.

ఆధిక్యాన్ని తెలపడానికి ఒక్కొక్క భాషది ఒక్కొక్క దారి. ఇంగ్లీషు 'వెరీ' పాత ఫ్రెంచిలో 'సత్యమైన' అనే అర్థంగల మాటనుంచి పుట్టింది. మన 'చాలా' 'చాలు' అనే క్రియకు సంబంధించినది. అక్కడ నిజం ఆధిక్యమైంది, ఇక్కడ సరిపడటం ఆధిక్యమైంది. 'టెరిబ్లీ', 'ఆఫుల్లీ' వంటివి భయంలోంచి వచ్చి ఉత్త ఆధిక్యానికి దిగాయి. ఎవరైనా 'భయంకరమైన సంతోషం' అని రాస్తే పాఠకుడు నవ్వుకుని సరిదిద్దుకుంటాడు. నవ్వు పుట్టించని తప్పులే ప్రమాదకరమైనవి.

'వెరీ', 'టూ' అనే రెండింటికీ 'చాలా' అనే ఒకే మాట వాడటం అటువంటిది. 'టూ లేట్' అన్నదాన్ని 'చాలా ఆలస్యమైంది' అని అనువదిస్తే ఇంకా ఏదో ఆశ మిగిలినట్లుంటుంది. మూలంలో ఆ ఆశ లేదు. 'వేళ మించిపోయింది' అన్న తెలుగు మాటలో ఆ నిరాశ పూర్తిగా ఉంది. నడవడానికి వీలులేని అలసటను చెప్పడానికి ఇంగ్లీషుకు 'టూ' వెంట మరికొన్ని మాటలు కావాలి. తెలుగుకు 'నడవలేనంత' అన్న ఒక్క పదం చాలు. 'మరీ', 'మించి', 'లేనంత' అనేవి ఉండగా 'చాలా'పైనే భారమంతా మోపడం మన సంపదను మనమే కాదనుకోవడం.

'అతి' విషయంలో జరిగింది దీనికి విపర్యయం. అతితెలివి, అతిచనువు, అతివాగుడు – తెలుగు మాటతో కలిసినప్పుడు ఈ ఉపసర్గ హద్దుమీరడాన్నే ఎక్కువగా సూచిస్తుంది. ఇంగ్లీషు తమభావానికి సమానార్థకం వెదికే తొందరలో 'అతిపెద్ద', 'అతితక్కువ' అనేవి ఇప్పుడు స్థిరపడిపోయాయి. వాటిని తోసివేయలేము. కాని 'అన్నిటికంటె పెద్దది', 'అందరిలోకి చిన్నవాడు' అనే పలుకుబడిలో దేనితో పోల్చుతున్నామో స్పష్టంగా ఉంటుంది. 'అతి' ఆ పోలికను మింగివేస్తుంది.

పాలనావ్యవహారంలో ఈ తేడాలు రచనాసౌందర్యానికి సంబంధించినవి మాత్రమే కావు. ఇంగ్లీషులో 'ఎ ఫ్యూ' అంటే కొందరున్నారని. 'ఫ్యూ' అంటే దాదాపు ఎవరూ లేరని. 'కొద్దిమంది దరఖాస్తు చేశారు' అన్న వాక్యం మొదటిదానికి సరిపోతుంది. రెండవదానికి 'కొద్దిమందే' అనాలి, లేదా 'ఏ కొద్దిమందో తప్ప' అనాలి. ఒక పథకం ప్రజలకు చేరిందా లేదా అన్న నివేదికాసారం ఆ ఒక్క ఏకారంపై ఆధారపడి ఉంటుంది.

చట్టంలో ఇది మరింత గంభీరమైన విషయం. 1860నాటి భారత శిక్షాస్మృతిలోను, 2024 జూలై 1న దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోను శిక్షలను రెండు విధాలుగా చెప్పారు. ఒకటి 'ఇన్ని సంవత్సరాల వరకు ఉండగల' శిక్ష. రెండవది 'ఇన్ని సంవత్సరాలకు తగ్గని' శిక్ష. మొదటిది పైహద్దు, రెండవది కిందిహద్దు. రెండింటినీ 'మూడేండ్ల శిక్ష', 'ఏడేండ్ల శిక్ష' అని ఒకే తీరున రాస్తే న్యాయమూర్తికి చట్టమిచ్చిన విచక్షణ ఎక్కడ ఉన్నదో, ఎక్కడ లేదో సామాన్యునికి తెలియదు. 'వరకు', 'తగ్గని' అన్నవి చిన్న మాటలే. ఒక మనిషి స్వేచ్ఛకు హద్దులు గీసేవి అవే.

ఇక పెద్ద సంఖ్యలు. మిలియను పది లక్షలు. బిలియను నూరు కోట్లు. ఇంగ్లీషులోనే ఈ రెండవ మాట నిలకడగా లేదు. బ్రిటనులో బిలియను అంటే ఒకప్పుడు లక్ష కోట్లు. 1974లో అక్కడి ప్రభుత్వం తన లెక్కలలో నూరు కోట్ల అర్థాన్నే స్వీకరించింది. కనుక పాత గ్రంథాలను అనువదించేవారు అది ఏనాటి, ఏ దేశపు బిలియనో చూసుకోవాలి. 2022 నవంబరులో ప్రపంచ జనాభా 800 కోట్లకు చేరిందని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. దానిని 'ఎనిమిది బిలియన్లు' అని రాస్తే తెలుగు పాఠకుడు మనసులో మళ్లీ లెక్క వేసుకోవాలి. ఆ శ్రమ అనువాదకుడు పడవలసినది. లక్ష, కోటి మనకెంత సహజమంటే మన దేశపు ఇంగ్లీషు కూడా వాటిని స్వీకరించింది. 1886లో వెలువడిన 'హాబ్సన్-జాబ్సన్' కోశంలోనే వాటికి చోటు దొరికింది.

లెక్కకు అందని పరిమాణాన్ని చెప్పడంలో తెలుగుకు తనదైన తీరు ఉంది. ఇంగ్లీషువారు కుప్పలతో, బరువులతో, టన్నులతో కొలిస్తే మనం పాత్రతోను, ధాన్యపు మానంతోను కొలుస్తాము. పిడికెడు, చారెడు, గంపెడు, బండెడు, పుట్టెడు అన్నవన్నీ అలా వచ్చినవే. ఇరవై తూముల పుట్టిని ఎన్నడూ చూడని వారికి కూడా 'పుట్టెడు దుఃఖం' బరువు తెలుసు. 'గంపెడాశ' ఎంతో తెలుసు. అరటిపండ్లకు, గాజులకు చక్కగా అమరిన 'డజను'ను ప్రమాదవార్తలోకి తెచ్చి 'డజన్లకొద్దీ మరణించారు' అనడం మాత్రం చెవికి కటువుగా ఉంటుంది. 'పదులకొద్దీ' అనవచ్చు, 'ఎందరో' అనవచ్చు.

ఇది పరభాషాద్వేషం కాదు. డజను, టన్ను, మిలియను మన వాడుకలోకి వచ్చినవే. ఉండదగిన చోట ఉండనివ్వాలి. మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని పావులూరి మల్లన ఏనాడో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. లెక్కలను కూడా పరభాషనుంచి తెచ్చుకుని తనవిగా చేసుకున్న భాష మనది. కావలసినది తూకం. అధికారభాషా పదకోశాలు పెద్ద పదాలతో పాటు 'వరకు', 'తగ్గని', 'మించని', 'కొద్దిమందే', 'మరీ' వంటి చిన్న మాటలకు కూడా ఉదాహరణవాక్యాలతో చోటు కల్పిస్తే ఉత్తర్వు రాసేవారికీ, దానిని చదివి అమలు కోసం ఎదురుచూసేవారికీ సమానంగా మేలు జరుగుతుంది.