విన్నది విన్నట్టు

అగ్నివీర్ నోటిఫికేషన్ పడిందంటే చాలు, ముంబై కామాటిపుర గల్లీల్లో తెల్లవారకముందే బూట్ల చప్పుడు మొదలవుతుంది. కొందరు ఆగస్ట్ క్రాంతి మైదానానికి, ఇంకొందరు చౌపాటీ దాకా పరుగు తీస్తారు. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లోపు ముగిస్తే పరుగు పరీక్షలో పూర్తి మార్కులు. ఈ లెక్క ఇక్కడ చాయ్ కొట్టు పిల్లవాడికి కూడా నోటికొచ్చు. మంచిదే, కాళ్లలో సత్తువ లేనివాణ్ణి సైన్యం ఎలాగూ తీసుకోదు. అయితే మా చాల్‌లో ఒక కుర్రాడు వైర్‌లెస్ పనే నేర్చుకుంటానని, సిగ్నల్స్‌లోకే వెళ్తానని పట్టుపట్టాడు. వాడి సాధన కొన్నాళ్లుగా దగ్గరుండి చూస్తున్నాను. చూసిన కొద్దీ నాకు అర్థమవుతున్నదేమంటే, ఆ కొలువుకు కాళ్లతో పాటు చెవికీ కసరత్తు కావాలి. దాని గురించి మన పిల్లలకు చెప్పేవాళ్లే లేరు.

సైన్యంలో సిగ్నల్స్ విభాగం 1911 ఫిబ్రవరి 15న పుట్టింది. జవాన్లకు జబల్‌పూర్, గోవాలలో శిక్షణ ఇస్తారు. అధికారులకు మధ్యప్రదేశ్‌లోని మహూలో ప్రత్యేక కళాశాల ఉంది. నౌకాదళంలో చేరితే తొలి శిక్షణ ఒడిశాలోని చిల్కాలో, ఆ తర్వాత కమ్యూనికేషన్ పని కొచ్చిలోని సిగ్నల్ స్కూల్లో. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఇంగ్లిష్ ఉంటే టెక్నికల్ విభాగానికి పోటీ పడొచ్చు. ఎంపికయ్యాక ఎవరిని ఎక్కడికి పంపాలో సైన్యమే తేలుస్తుంది. చుక్కలూ గీతలతో సందేశం పంపే మోర్స్ కోడ్ వచ్చని ఎవరూ అదనంగా మార్కులు వేయరు. పైగా ఇప్పుడు వైర్‌లెస్ పనిలో ఎక్కువ భాగం మాటతో, డేటాతో నడుస్తోంది. ఇవన్నీ కుర్రాడికి ముందే చెప్పాం. అయినా మోర్స్ నేర్చుకుంటానన్నాడు.

గురువు కూడా మా చాల్‌లోనే దొరికాడు. తంతి శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన. 2013 జులైలో టెలిగ్రామ్ సేవ దేశమంతటా ఆగిపోయింది కానీ, ఆయన వేళ్లు మాత్రం ఆగలేదు. కుర్రాడు మొదటిరోజు చుక్కలూ గీతలూ ఉన్న పట్టిక ప్రింటు తీసుకుని వెళ్తే, ఆయన దాన్ని మడిచి పక్కన పెట్టేశాడు. "ఇది కంటితోని నేర్సుకునేది కాదు బిడ్డా. కన్ను మూసుకో, ఇను" అన్నాడు.

ఆయన పద్ధతికి పుస్తకాల్లో కూడా ఆధారం ఉంది. లుడ్‌విగ్ కోఖ్ అనే జర్మన్ మనస్తత్వవేత్త 1930లలో చెప్పిన పద్ధతి అదే. నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచుకుంటూ పోతే ఒక దశలో చెవి మొరాయిస్తుంది, ఎందుకంటే అప్పటికి చుక్కలు లెక్కపెట్టడం అలవాటైపోతుంది. అందుకని మొదటినుంచీ అసలు వేగంతోనే వినాలి, కాకపోతే రెండు అక్షరాలతోనే. కె అంటే డా-డి-డా. ఎం అంటే డా-డా. నూటికి తొంభై సరిగా రాసేదాకా మూడో అక్షరం జోలికి పోకూడదు. గీత (డా) నిడివి చుక్కకు (డి) మూడింతలు. అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు చుక్కల మౌనం, మాటకూ మాటకూ మధ్య ఏడు. ఆ మౌనాలు తప్పితే అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడి ఎందుకూ పనికిరావు.

ఒక సాయంత్రం ఆ కుర్రాడి ఖోలీలో కూర్చున్నాను. పక్క ఖోలీలో టీవీ సీరియల్, కింద నల్లా దగ్గర బకెట్ల గొడవ, పైన ఎవరో మిక్సీ వేశారు. గుమ్మం దగ్గర కుర్రాడి తల్లి బీడీలు చుడుతోంది. కుర్రాడు నోట్‌బుక్‌లో అయిదేసి గళ్లు గీసుకుని పెన్సిల్ పట్టుకున్నాడు. పెద్దాయన లామింగ్టన్ రోడ్డు నుంచి తెచ్చిన బజర్ మీద కీ నొక్కుతున్నాడు. అయిదేసి అక్షరాల గుంపులు, దేనికీ అర్థం లేదు. "ఏందిరా ఈ టిక్కుటిక్కు లొల్లి, ఒక్క మాటన్నా సక్కగున్నదా?" అంది తల్లి, చేతిలో బీడీ ఆపకుండానే. "సక్కగుంటే పోరడు ఊహించి రాస్తడమ్మా, అందుకే అర్థం లేనిది కొడుతున్న" అన్నాడు పెద్దాయన.

నన్ను ఆలోచనలో పడేసింది ఆ మాటే. మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, రోడ్డు మీద హిందీ మాట్లాడతారు. సగం మాట వినిపిస్తే మిగతా సగం తామే పూరించుకునే నేర్పు వాళ్లకు పుట్టుకతో వస్తుంది. ఈ ఊళ్లో బతకాలంటే అది లేకపోతే కుదరదు. వైర్‌లెస్ దగ్గర మాత్రం అదే కొంప ముంచుతుంది. సైన్యపు సందేశం సంకేత భాషలో వస్తుంది, రాసుకునేవాడికి దాని అర్థం తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఒక్క అక్షరం 'ఇదే అయ్యుంటుంది' అని వేశాడంటే అవతల విప్పేవాడికి అంతా తలకిందులవుతుంది. వినబడని అక్షరం దగ్గర చిన్న గీత పెట్టి తర్వాతి అక్షరానికి వెళ్లిపోవాలి. పోయినదాని గురించి ఆలోచిస్తూ కూర్చుంటే వెనకవచ్చే నాలుగూ పోతాయి. తల్లి వేళ్లు ఆకును చూడకుండా బీడీ చుట్టినట్టు, పెన్సిల్ కూడా తన పని తాను చేసుకుపోవాలి.

రొదలో ఒక్క గొంతునే పట్టుకుని వినడం మాత్రం చాల్ పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. పది మంది మాట్లాడే చోట పరీక్షకు చదివినవాళ్లు వాళ్లు. రేడియోలో సందేశం కూడా గరగరల మధ్యే వస్తుంది.

తక్కువ మాట్లాడటం ఈ పనిలో మరో పాఠం. దాని చరిత్ర మన పక్కనే, గిర్గాంలో ఉంది. 1942లో క్విట్ ఇండియా పిలుపు తర్వాత ఉషా మెహతా, ఆమె మిత్రులు రహస్యంగా కాంగ్రెస్ రేడియో నడిపారు. ఆమెకప్పుడు 22 ఏళ్లు. వేర్వేరు చోట్ల నిలబెట్టిన రెండు రిసీవర్లు రేడియో అల వచ్చే దిక్కును పసిగడితే, ఆ రెండు గీతలు కలిసేచోట ట్రాన్స్‌మిటర్ దొరికిపోతుంది. అందుకే వాళ్లు తరచూ మకాం మార్చేవారు. అయినా నవంబర్ 12న పోలీసులు పట్టుకున్నారు. ఎంతసేపు గాలిలో ఉంటే అంత ప్రమాదమన్నది నేటి సైనికుడికీ వర్తించే సూత్రం.

ఇంకొంచెం దక్షిణాన, కొలాబాలో, తల్వార్ అనే నౌకాదళ సిగ్నల్ శిక్షణ కేంద్రం ఉండేది. 1946 ఫిబ్రవరి 18న నావికుల సమ్మె పుట్టింది అక్కడే. చెడిపోయిన తిండి, తెల్ల అధికారి బూతులు సహించలేక నావికులు పని మానేశారు. సమ్మె కమిటీ అధ్యక్షుడు ఎం.ఎస్. ఖాన్ సిగ్నల్‌మన్, ఉపాధ్యక్షుడు మదన్ సింగ్ టెలిగ్రాఫిస్టు. వైర్‌లెస్ వాళ్ల చేతిలోనే ఉంది కాబట్టి కబురు ఓడ నుంచి ఓడకు పాకిపోయింది. బొంబాయి కార్మికులు వాళ్లకు మద్దతుగా వీధుల్లోకి వస్తే, కాల్పుల్లో రెండువందల మందికి పైగా చనిపోయారు. పొద్దస్తమానం ఇతరుల సందేశాలు పొల్లుపోకుండా మోసిన చేతులు తమ గోడునూ అలాగే దేశానికి చేరవేశాయి.

యుద్ధం లేనప్పుడూ ఈ విద్య అక్కరకొస్తుంది. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాద్‌లోని అమెచ్యూర్ (హామ్) రేడియో సంస్థ ఏర్పాటు చేసిన యాత్రలో భారతీ ప్రసాద్ పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నారు. ఫోన్లు మూగబోయిన వేళ ఆమె హామ్ రేడియో అండమాన్ కబుర్లను బయటి ప్రపంచానికి చేర్చింది. 12 ఏళ్లు నిండితే ఎవరైనా హామ్ లైసెన్స్ పరీక్ష రాయొచ్చు. లైసెన్స్ లేకుండా ప్రసారం చేస్తే నేరం. వినడం నేర్చుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నిజాం రాజ్యం నుంచి వచ్చిన మన తాతలు ఈ నగరానికి గోడలు కట్టారు. మనవలు సరిహద్దులో హెడ్‌ఫోన్ పెట్టుకుంటామంటే సంతోషమే. మన సంఘాలు స్పోకెన్ ఇంగ్లిష్, కంప్యూటర్ క్లాసులు పెడుతున్నాయి. వాటి పక్కన వారానికో గంట వైర్‌లెస్‌కు కేటాయించండి. బజర్‌కు, కీకి పెద్ద ఖర్చేమీ కాదు. తంతి శాఖలోనో, నేవీలోనో పనిచేసి ఇంటిపట్టున ఉన్న పెద్దలు ప్రతి గల్లీలో ఉంటారు, వెళ్లి పిలవండి. వాళ్ల చెవులు ఇంకా పనిచేస్తుండగానే పిలవండి.