గోడవారగా బందరు లైను

ఇంట్లో చిన్న రైలు మార్గం వేద్దామనుకున్నవాళ్లలో చాలామంది ముందు చేసే పని ఒక కొండ కట్టడం. ప్లైవుడ్ పలక మీద గుండ్రంగా పట్టాలు, ఓ మూల కొండ, కొండకో సొరంగం, సొరంగంలో దూరి బయటికొచ్చే ఇంజను. ఇది విదేశీ కేటలాగుల్లో చూసి నేర్చుకున్న బొమ్మ. కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవాళ్లకు ఆ కొండతో పనేముంది? గుడివాడలో రైలెక్కి గుడ్లవల్లేరు, కవుతరం, వడ్లమన్నాడు, పెడన, చిలకలపూడి మీదుగా మచిలీపట్నంలో దిగేదాకా ఒక్క సొరంగం తగలదు, చెప్పుకోదగ్గ ఎత్తూ తగలదు. వరి మళ్ల మధ్య మట్టికట్ట, కట్ట కింద తూములు, అడుగడుగునా కాలవలు, వాటి మీద ఇనుప గర్డర్ల వంతెనలు, దూరంగా తాళ్లు. ఇంటి రైలుకు ఇంతకన్నా అనువైన నేల ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం.

అనువు ఎక్కడుందో చెబుతాను. నమూనా ఇంజను బరువు చాలా తక్కువ. చిన్న మోటారు, జారిపోయే చక్రాలు. నూటికి మూడు పాళ్ల ఎత్తు పెట్టినా అయిదు బోగీలతో ఆపసోపాలు పడుతుంది. కొండలున్న లేఅవుట్లలో సగం అవస్థ ఇదే. మన లైనులో ఆ గొడవే లేదు. ఎత్తుపల్లాలు పట్టాలకు కాదు, నేలకు ఇవ్వాలి. పట్టాలున్న పలకను సమంగా ఉంచి, చుట్టూ పొలాన్ని ఒక సెంటీమీటరు కిందికి దించితే చాలు, కట్ట దానంతటదే పైకి తేలుతుంది. మట్టం చూసే గొట్టం ఒక్కటి దగ్గరుంటే పని జరిగిపోతుంది.

బెజవాడ నుంచి బందరుకు రైలు 1908లో వచ్చింది. అప్పుడది మీటర్ గేజ్. అంతకు ముందు బందరు కాలవే దారి, పడవలే బండ్లు. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే ఏలుబడిలో ఈ లైను నడిచింది. 1928లో గుడివాడ నుంచి భీమవరానికి ఇంకో మీటర్ గేజ్ దారి వేశారు. దాంతో గుడివాడ జంక్షనైంది. 1951లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే దక్షిణ రైల్వేలో కలిసింది. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. మీటర్ గేజ్ ఏనాడో పోయింది, ఆవిరి ఇంజనూ పోయింది. ఈ రోజున కరెంటు బండి ఎక్కి పెడన దాటుతున్న కుర్రాడికి అక్కడొకప్పుడు బొగ్గు పొగ కమ్ముకునేదని తెలియాలంటే ఎవరో ఒకరు దాన్ని తిరిగి కట్టి చూపించాలి. నా దృష్టిలో ఈ వ్యాపకానికి ఉన్న అసలు విలువ అదే.

వ్యాపకం పాతదే. జర్మనీలో మెర్క్లిన్ కంపెనీ 1891లో లైప్జిగ్ సంతలో పట్టాల వెడల్పులకు అంకెలు పెట్టి అమ్మింది. అప్పటిదాకా ఎవరి బొమ్మ రైలు వాళ్ల పట్టాల మీదే నడిచేది. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో తాళం తిప్పితే నడిచే రైళ్లు తెచ్చాడు. మన దేశంలో దీన్ని జనానికి చూపించిన చోటు పుణెలోని జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం. 1998లో తెరిచిన ఆ ప్రదర్శనలో ఊరికి ఊరే చిన్నదై, సిగ్నళ్లతో, వంతెనలతో కళ్ల ముందు నడుస్తుంది. తెలుగు నేల మీద అలాంటిది ఒకటి రావాలని నా కోరిక. అది గుడివాడలోనో బందరులోనో వస్తే మరీ సంతోషం.

ఇప్పుడు లెక్కల సంగతి. ఇక్కడే మన పాత లైనుకు ఒక అదృష్టం కలిసొచ్చింది. ప్రపంచంలో ఎక్కువమంది వాడే కొలత హెచ్‌ఓ, అంటే అసలుకు 87వ వంతు. ఆ కొలతలో దొరికే పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది. అంటే బజారు పట్టాల మీద మన బ్రాడ్ గేజ్ ఇంజను పెడితే కాళ్లు దగ్గరగా పెట్టుకు నిలబడ్డట్టుంటుంది. దాదాపు మూడు మిల్లీమీటర్లు తక్కువ. మీటర్ గేజ్‌ను అదే 87తో భాగిస్తే 11.5. స్విట్జర్లాండు కొండ రైళ్ల అభిమానుల పుణ్యాన 12 మిల్లీమీటర్ల పట్టాలు, స్లీపర్ల వరసతో సహా, సిద్ధంగా దొరుకుతాయి. తేడా అర మిల్లీమీటరు. కంటికి ఆనదు. ఇవాళ్టి బందరు లైనును ఉన్నదున్నట్టు కట్టడం కష్టం, 1953 నాటి లైనును కట్టడం సులువు.

1953 అన్నాను కదా, ఏదో ఒక ఏడు చెప్పాలని అనలేదు. లేఅవుట్ వేసేవాళ్లు ముందు తేల్చుకోవలసింది సంవత్సరం, ఆ తర్వాతే పట్టాలు. అది తేలితే బోగీ మీద ఏం రాయాలో, స్టేషను ముందు ఏ బండి ఆగాలో, గోడ మీద ఏ పోస్టరు అంటించాలో అన్నీ తేలిపోతాయి. 1953లో బోగీల మీద దక్షిణ రైల్వే పేరు ఇంకా కొత్తది. ఆ జూన్‌లో ‘దేవదాసు’ సినిమా విడుదలైంది. దాని హీరో నాగేశ్వరరావు గుడివాడ పక్క రామాపురం మనిషి, కాబట్టి గుడివాడ స్టేషను గోడ మీద ఆ పోస్టరుకు చోటివ్వక తప్పదు. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, కాబట్టి ప్లాట్‌ఫారం మీద జెండా పట్టుకున్న మనుషులకూ చోటుంది. ఒక్క సంవత్సరం ఇన్ని పనులు చేసిపెడుతుంది.

ఇంజన్ల సేకరణ ఇంకో దారి. మీటర్ గేజ్ ఆవిరి ఇంజన్లలో అందగత్తె వైపీ. ముందు నాలుగు చిన్న చక్రాలు, నడుమ ఆరు పెద్ద చక్రాలు, వెనక రెండు. 1949లో అమెరికాలో బాల్డ్విన్ వాళ్ల చేతిలో మొదలై, తర్వాత జంషెడ్‌పూర్ టెల్కోలో కూడా తయారై, 1970 దాకా 871 వచ్చాయి. అంతకు ముందు తరంలో వైబీ, వైడీ ఇంజన్లున్నాయి, వాటికీ ముందు బ్రిటిష్ ప్రమాణాల పాత మెయిల్ ఇంజన్లున్నాయి. వీటి నమూనాలు కొట్లో పెట్టెలో పెట్టి అమ్మే సరుకు కాదు. సేకరణ అంటే మన దగ్గర సగం వెతుకులాట, సగం తయారీ.

తయారీలో నాకు బాగా నచ్చిన ఉపాయం ఒకటుంది. వైపీ పెద్ద చక్రం 1372 మిల్లీమీటర్లు. 87వ వంతులో 15.8. హార్న్‌బీ వాళ్లు 2022 నుంచి 120వ వంతు కొలతలో ఇంజన్లు అమ్ముతున్నారు. ఆ కొలతకు పట్టాలు సరిగ్గా 12 మిల్లీమీటర్లే. అందులో ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ జాతి ఇంజను చక్రం అసలుది 6 అడుగుల 8 అంగుళాలు. ఆ కొలతలో 17 మిల్లీమీటర్లు. చక్రాల అమరికా వైపీదే: నాలుగు, ఆరు, రెండు. కాబట్టి ఇంగ్లిషు ఇంజను అడుగుభాగం తీసుకుని పైన మన వైపీ ఒళ్లు కట్టవచ్చు. చక్రాల మధ్య దూరం డ్రాయింగుతో పోల్చి చూసుకోవాలి, ఎక్కడ రాజీ పడాలో అప్పుడు తెలుస్తుంది. సిలిండర్ల దగ్గర ముందుకీ వెనక్కీ ఆడే ఆ కడ్డీలు, లింకులు మాత్రం వంకర లేకుండా ఉండాలి. ఆవిరి ఇంజనుకు ముఖం అక్కడే ఉంది.

ఒళ్లు కట్టడానికి ఇత్తడి రేకు కావాలి, పావు మిల్లీమీటరు మందం చాలు. బాయిలరుకు ఇత్తడి గొట్టం. రివెట్లు రేకు వెనక నుంచి సూదిమొనతో ఒత్తి తేల్చాలి. టంకం వేసేటప్పుడు ముందు ఎక్కువ వేడికి కరిగే టంకంతో పెద్ద ముక్కలు అతకాలి, తర్వాత తక్కువ వేడికి కరిగేదాంతో చిన్నవి. లేకపోతే పొగగొట్టం అతికేలోగా డోము ఊడి చేతిలోకొస్తుంది. ఈ విద్య మన లైను మీదే ఉంది. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగల పేరు వినని తెలుగు ఇల్లుండదు. రాగి, ఇత్తడి రేకుల్ని అచ్చులో ఒత్తడం, వెంట్రుకవాసి తీగను అతకడం, ఆకురాయితో రుద్ది అతుకు కనపడకుండా చేయడం అక్కడ తరాల నుంచి కొనసాగుతున్న పని. ఆ చేతులు ఒక్క వైపీ బాయిలరు మీద పడితే ఎలా ఉంటుందో చూడాలని ఉంది. స్టేషను ఇళ్లకు, మనుషులకు ఇంకో పాఠం కొండపల్లిలో ఉంది. అక్కడ తేలిక పొణికి కర్ర చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. గూడ్సు షెడ్డు గోడకు, పెంకుటింటి చూరుకు ఆ మక్కు ప్లాస్టిక్ కన్నా బాగా ఒదుగుతుంది.

పాత విదేశీ బొమ్మ ఇంజన్లు కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. 1920, 30ల నాటి కొన్ని పోత భాగాలు, జింకు మిశ్రమంలో సీసం కలిసిపోయి, కాలం గడిచేకొద్దీ లోపల్నుంచి పగుళ్లిచ్చి పొడిపొడిగా రాలిపోతాయి. తేమ దాన్ని తొందర చేస్తుంది, బందరులో తేమకు కరువు లేదు. కొనే ముందు చక్రాలు, ఫ్రేము భూతద్దంతో చూడాలి. ఉబ్బు గాని, సన్నటి బీటలు గాని కనపడితే వదిలేయడమే మంచిది. కొన్నదాన్ని అద్దాల బీరువాలో పెట్టి మరిచిపోవడమూ తప్పే. కదలని ఇంజనులో గ్రీజు గట్టిపడుతుంది. నెలకోసారైనా పట్టాల మీద పెట్టి నడపాలి.

వేగం గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. అసలు రైలు గంటకు 60 కిలోమీటర్లు వెళ్తే 87వ వంతులో అది సెకనుకు 19 సెంటీమీటర్లు. బందరు లైను లాంటి శాఖామార్గంలో 40 అనుకుంటే 13 సెంటీమీటర్లు కూడా రాదు. అంటే పన్నెండడుగుల గోడ పొడవునా రైలు వెళ్లడానికి దాదాపు అర నిమిషం పట్టాలి. ఇంటికొచ్చిన పిల్లలు ‘ఇంకా జోరుగా’ అంటారు. ఒప్పుకోకూడదు. మెల్లగా నడిచినప్పుడే కడ్డీల ఆట కంటికి అందుతుంది. రెండు సిలిండర్ల ఇంజను చక్రం ఒక్కసారి తిరిగితే నాలుగు చుక్‌లు. ధ్వని పెట్టె ఉన్న ఇంజనులో వాటిని చెవితో లెక్కపెట్టవచ్చు.

ఇక ప్లాను. గుడివాడ నుంచి బందరు సుమారు 37 కిలోమీటర్లు. 87వ వంతులో 425 మీటర్లు. ఎవరింట్లోనూ పట్టదు. అందుకని దూరాన్ని కుదించాలి, స్టేషన్లను కుదించకూడదు. అరవై అడుగుల బోగీ 21 సెంటీమీటర్లవుతుంది. అయిదు బోగీలు, ఒక ఇంజను కలిపితే నాలుగడుగుల పైచిలుకు. ప్లాట్‌ఫారానికి ఆ పొడవు ఇచ్చాకే మిగతా చోటు పంచాలి. బందరు ఆఖరి స్టేషను, ఆటకు అదే ప్రాణం. రైలొచ్చాక ఇంజను విడిపోయి, పక్క లైను మీదుగా వెనక్కొచ్చి, రెండో కొసన తగులుకోవాలి. నీళ్లు పట్టాలి, బొగ్గు వేసుకోవాలి. దీనికి రెండు పాయింట్లు, ఒక తప్పించుకునే లైను చాలు. గుడివాడ కొసన గోడ వెనక నాలుగైదు లైన్లు దాచి పెడితే అందులోంచి ఒకటి బెజవాడ బండి, ఇంకొకటి భీమవరం బండి. గుండ్రటి దారి అక్కర్లేదు. గోడవారగా అడుగున్నర వెడల్పు బల్ల, ఎల్ ఆకారంలో, మలుపు దగ్గర వంపు అరవై సెంటీమీటర్లకు తగ్గకుండా ఉంటే చాలు.

పొలాలకు రుతువు ఎంచుకోవాలి. నా ఓటు పుష్యమాసానికి. వరి కోసి కుప్పలు వేసి ఉంటాయి, కొయ్యకాళ్ల మధ్య మినుము పచ్చగా లేస్తుంటుంది. పాత కొబ్బరి పీచు పట్టాను కత్తిరించి నాటితే కొయ్యకాళ్లు, రంగు కలిపిన రంపపు పొట్టు జల్లితే మినుము. కాలవ నీళ్లకు నీలం వేయడం పెద్ద పొరపాటు. మన కాలవ నీళ్లు మట్టిరంగు. ముందు గోధుమ రంగు పూసి, ఆరాక వార్నిషు పొరలు పొరలుగా పోయాలి. పట్టాల కంకరకు రాతిపొడి జల్లెడ పట్టి పరిచి, నీళ్లలో కలిపిన ఫెవికాల్‌లో గిన్నెల సబ్బు చుక్క వేసి, సిరంజితో వదలాలి. సబ్బు లేకపోతే నీళ్లు కంకర మీదే ముత్యాల్లా నిలుస్తాయి, లోపలికి దిగవు. సముద్రపు గాలికి పలక ఉబ్బుతుంది కాబట్టి నీటికి తట్టుకునే ప్లైవుడే వాడాలి, అంచులకు కూడా పెయింటు పట్టించాలి. పట్టాలు నికెల్ సిల్వర్‌వి అయితే తుప్పు బాధ తగ్గుతుంది.

దివిసీమకు రైలు లేదు. మచిలీపట్నం నుంచి రేపల్లెకు లైను వేయమన్న కోరిక మాత్రం చాలా పాతది. ఇంటి లేఅవుట్ కట్టేవాళ్లకు ఒక హక్కుంది, వేయని లైనును వేసి చూపించడం. చాలా దేశాల్లో ఈ పని చేసినవాళ్లున్నారు. బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ చేరి కృష్ణ పాయ దాటితే అవనిగడ్డ. గదిలో ఈ దారికి అడ్డొచ్చేది గుమ్మం. గుమ్మానికి అడ్డంగా తీసి పెట్టుకునే పలక వేసి, దాన్నే కృష్ణ పాయ చేసేయాలి. 12 మీటర్ల గర్డరు ఈ కొలతలో 14 సెంటీమీటర్ల లోపు, ఆరు గర్డర్లు వరసగా పెడితే గుమ్మం నిండుతుంది. పక్కనే నది మీదుగా కాలవను దాటించే పులిగడ్డ ఆక్విడెక్ట్ కడితే ఊరు ఏదో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పలక తీసినప్పుడు రెండు వైపులా అరమీటరు మేర పట్టాలకు కరెంటు దానంతటదే ఆగేలా ఒక స్విచ్చి పెట్టాలి, లేకపోతే వైపీ నేల మీద పడుతుంది. అవనిగడ్డలో ఏ సరుకు ఎక్కుతుందో కూడా ముందే అనుకోవాలి. ధాన్యం బస్తాలకు ఒక సైడింగు, నాగాయలంక వైపు నుంచి మంచు పెట్టెల్లో వచ్చే చేపలకు ఇంకొకటి. ఈ రెండూ ఒకే షెడ్డు ముందు పెట్టకూడదు.