ప్లాస్టర్ మీద తేదీ

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో వానలు పడ్డాయంటే నర్సింగ్‌హోముల్లో సెలైన్ స్టాండ్లకు తీరిక ఉండదు. డెంగీ, టైఫాయిడ్, వాంతులు, విరేచనాలు. ఎవరినైనా పలకరించడానికి పోతే నా కళ్లు ముందు చేతి మీది కాన్యులా (సెలైన్ ఎక్కించే సన్నటి గొట్టం) వైపే పోతాయి. "ఎప్పుడు పెట్టిండ్రక్కా ఇది?" అంటే "మొన్న" అంటారు. ఏ మొన్ననో, డ్యూటీ మారి వచ్చిన సిస్టర్‌కూ తెలియదు. ప్లాస్టర్ మీద పెన్నుతో తేదీ, టైమూ రాసి ఉంటే ఆ ప్రశ్నే రాదు.

సూది గుచ్చడంలో మన సిస్టర్లు దిట్టలు. నరం దొరకని ముసలివాళ్లకూ ఒక్కసారికే పెడతారు. ఆ శ్రద్ధ దానికి ముందూ, తర్వాతా కూడా ఉండాలి. గుచ్చేముందు స్పిరిట్ పూసి, అది ఆరేదాకా ఆగాలి. ప్లాస్టర్ ముక్కలు ముందే చించి మంచం కమ్మీకి అంటించుకోవడం మానాలి. ఆ కమ్మీని ఎన్ని చేతులు పట్టుకున్నాయో! దూది పెట్టి తెల్ల ప్లాస్టర్ చుట్టేస్తే కింద ఎరుపూ వాపూ కనబడవు. పారదర్శకమైన ఫిల్మ్ వేస్తే విప్పకుండానే చూడొచ్చు. అమెరికాలోని వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2011 మార్గదర్శకాల్లో సెంట్రల్ లైన్లకు (పెద్ద రక్తనాళాల్లోకి పెట్టే గొట్టాలకు) గాజ్ డ్రెస్సింగ్‌ను 2 రోజులకోసారి, ఫిల్మ్‌ను కనీసం 7 రోజులకోసారి మార్చాలని ఉంది. చేతి మీది ప్లాస్టరైనా సరే, తడిసినా, ఊడినా, మురికిపట్టినా గడువు కోసం చూడొద్దు.

మా దిక్కు ఇంకో అలవాటుంది. పొద్దున, సాయంత్రం ఇంజెక్షన్ ఉన్నవాళ్లు కాన్యులాతోనే ఇంటికి పోతారు. ఇంట్లో చేయి ఊరుకుంటుందా? బీడీ ఆకు తడిపితే ప్లాస్టర్ నానుతుంది, సాంచాల (మరమగ్గాల) దగ్గర నిలబడితే నుసి పడుతుంది. అందుకే పంపేటప్పుడే చెప్పాలి: "తడవనియ్యకు. మంట పెట్టినా, ఎర్రబడినా రేపటిదాకా ఆగకు, వెంటనే రా."

అసలు ఆ కాన్యులా ఇంకా కావాలా అన్నది రోజూ అడగాల్సిన ప్రశ్న. మాత్రలు మింగగలిగే రోగికి "రేపు పనికొస్తదేమో" అని ఉంచడం రోగాన్ని పిలవడమే. మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూల్లో డాక్టర్ పీటర్ ప్రొనొవోస్ట్ బృందం అమలుచేసిన అయిదు సూత్రాల్లో అక్కర్లేని లైన్ తీసేయడం ఒకటి, చేతులు కడుక్కోవడం ఇంకొకటి. సెంట్రల్ లైన్ల వల్ల రక్తానికి సోకే ఇన్‌ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గాయని 2006లో ప్రకటించారు. లైన్ తీసేయడానికీ, చేతులు కడుక్కోవడానికీ పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. కోరుట్లలో పది మంచాల నర్సింగ్‌హోమైనా ఈ రోజే మొదలుపెట్టొచ్చు.