గుత్తకిచ్చిన ఆట: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్, టీవీ డబ్బు, నల్లవాళ్ళ శ్రమ

2023 ఆగస్టు 4న అమెరికా పడమటి తీరంలో పాక్-12 అనే కాలేజీ క్రీడా కూటమి కుప్పకూలింది. ఆ ఒక్కరోజే అయిదు యూనివర్సిటీలు బయటికి నడిచాయి. 1915 నాటి కూటమిలో నెల తిరిగేసరికి ఆరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ రెండే మిగిలాయి. తర్వాత అక్కడి పత్రికల్లో వచ్చిన రాతలు చదివితే చావింటికి పోయినట్టే వుంటుంది. నూరేళ్ళ సంప్రదాయం పోయింది, ఇరుగుపొరుగు పోటీలు పోయాయి, డబ్బు ఆటను మింగేసింది - ఇదీ ఏడుపు. ఏడవొద్దని ఎవరూ అనరు. కానీ ఈ ఏడుపులో మైదానంలో ఒళ్ళు హూనం చేసుకునేవాడు ఎక్కడున్నాడు? ఆ సంప్రదాయం ఎవరిది, అందులో ఎవరిని కూచోనిచ్చారు అని అడిగినవాళ్ళు బహు తక్కువ. ఈ వ్యాసం ఆ రాతల మీద విమర్శ.

ముందు సంగతేమిటో చెప్పాలి. అక్కడ ఫుట్‌బాల్ అంటే మన కాలిబంతి కాదు, చేత్తో పట్టుకుని పరుగెత్తి ఢీకొట్టుకునే ఆట. కాలేజీలు కూటములుగా ఏర్పడి తమలో తాము ఆడుకుంటాయి. ఈ కూటమినే కాన్ఫరెన్సు అంటారు. మన వూళ్ళల్లో చెరువును చేపలకు గుత్తకిచ్చినట్టు, కాన్ఫరెన్సు తన ఆటలన్నిటినీ మూట గట్టి టీవీ కంపెనీకి ఏళ్ళ తరబడి గుత్తకిస్తుంది. వచ్చిన సొమ్ము సభ్య కాలేజీలకు పంచుతుంది. ఎవరి మూట బరువైతే టీవీవాడు వాళ్ళకే ఎక్కువ పాడతాడు. కాబట్టి పెద్ద పేరున్న కాలేజీలు ఎక్కువ గుత్త వచ్చే కూటమికి మారిపోతాయి. ఈ వలసలన్నిటి వెనకా వున్నది ఇంతే. బిగ్ టెన్ 2022లో ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్ళకు 700 కోట్ల డాలర్లకు పైగా ఒప్పందం చేసుకుంది. 2024లో ఈఎస్‌పీఎన్ జాతీయ చాంపియన్‌షిప్ పోటీల హక్కులను 2026 నుంచి ఆరేళ్ళకు 780 కోట్ల డాలర్లకు తీసుకుంది. పేరులో పది వున్న బిగ్ టెన్‌లో 2024 నుంచి 18 యూనివర్సిటీలు, పన్నెండున్న బిగ్ 12లో 16. పసిఫిక్ ఒడ్డున వుండే స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీలు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సులో చేరాయి, అదీ తక్కువ వాటాకు ఒప్పుకుని. డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ అయితే తొమ్మిదేళ్ళు టీవీ వాటా వద్దని మరీ చేరింది. డబ్బున్న పూర్వ విద్యార్థులుంటే అట్లాంటి త్యాగాలు చెయ్యొచ్చు.

ఈ గుత్త ఎప్పుడు మొదలైంది? 1984లో. అంతకుముందు ఎన్‌సీఏఏ అనే జాతీయ సంఘం ఏ జట్టు ఎన్నిసార్లు టీవీలో కనబడాలో తానే నిర్ణయించేది. 1981లో ఓక్లహామా, సదరన్ కాలిఫోర్నియాల ఆట 200కు పైగా స్టేషన్లలో వచ్చింది. సిటాడెల్, అపలాచియన్ స్టేట్‌ల ఆట నాలుగు స్టేషన్లలో వచ్చింది. నాలుగు జట్లకూ సమానంగా డబ్బిచ్చారు. ఇది ఓక్లహామాకు గిట్టలేదు. జార్జియాతో కలిసి కోర్టుకు పోయింది. సుప్రీంకోర్టు 7-2 తీర్పుతో ఎన్‌సీఏఏ గుత్తాధిపత్యాన్ని కొట్టేసింది. కాలేజీలకు అమ్ముకునే స్వేచ్ఛ వచ్చింది. అదే తీర్పులో, ఆటగాళ్ళకు మాత్రం డబ్బివ్వకూడదు, అప్పుడే ఇది కాలేజీ ఆటగా నిలుస్తుందన్న అర్థంలో ఒక మాట రాసిపెట్టారు. అమ్ముకునేవాడికి బజారు, ఆడేవాడికి ఆదర్శం! ఆ ఒక్క మాటను పట్టుకుని ఎన్‌సీఏఏ మూడు దశాబ్దాలకు పైగా కోర్టుల్లో వాదించింది. 2021లో ఆల్‌స్టన్ కేసులో 9-0 తీర్పు వచ్చేదాకా ఆ మాటకు బలం పోలేదు.

సంప్రదాయం పోయిందని రాసేవాళ్ళు ఈ ఓక్లహామాను ఇంకాస్త వెనక్కు చూడాలి. 1950 జూన్ 5న అమెరికా సుప్రీంకోర్టు రెండు తీర్పులిచ్చింది. ఒకటి, హీమన్ స్వెట్ అనే నల్లజాతి విద్యార్థిని లా కాలేజీలో చేర్చుకోని టెక్సస్ యూనివర్సిటీ మీద. రెండోది, జార్జ్ మెక్లారిన్‌ను చేర్చుకుని కూడా తరగతి బయట పక్కగదిలో కూచోబెట్టి, లైబ్రరీలో విడి బల్ల, భోజనశాలలో విడి వేళ పెట్టిన ఓక్లహామా యూనివర్సిటీ మీద. ఆ విడి బల్ల సంగతి మన పాఠకులకు విడమరచి చెప్పనక్కర్లేదు. 1969లో జాతీయ చాంపియన్ అయిన టెక్సస్ జట్టులో ఒక్క నల్లవాడూ లేడు. 2021లో ఈ రెండు యూనివర్సిటీలే జంటగా బయల్దేరి, 2024లో ఆగ్నేయ రాష్ట్రాల కాన్ఫరెన్సు ఎస్ఈసీలో చేరాయి. ఆ ఎస్ఈసీలో మొదటి నల్లజాతి ఫుట్‌బాల్ ఆటగాడు మైదానంలోకి దిగింది 1967లో. ఇవాళ ఆ జట్ల బలం చాలావరకు నల్లజాతి యువకులు. అదే యూనివర్సిటీల తరగతి గదుల్లో చూస్తే వాళ్ళు కొద్దిమందే. పక్కగది పోయింది నిజమే, కానీ మైదానంలో తెరుచుకున్నంత వెడల్పుగా తరగతి తలుపు తెరుచుకోలేదు.

"విద్యార్థి-క్రీడాకారుడు" అన్న మాట ఎట్లా పుట్టిందో చూడండి. 1955లో కొలరాడోలో ఒక కాలేజీ ఆటగాడు మైదానంలో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. భార్య కార్మిక నష్టపరిహారం అడిగింది. ఇవ్వనక్కర్లేదని 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. ఆటగాడు పనివాడు కాడు, విద్యార్థి అని చెప్పటానికి ఎన్‌సీఏఏ అధిపతి వాల్టర్ బైయర్స్ ఈ మాటను ఆ రోజుల్లోనే వాడుకలో పెట్టాడు. చదువు చెబుతున్నాం, తిండి పెడుతున్నాం, ఇంకేం కావాలి అన్నది దీని అర్థం. ఫెలోషిప్ డబ్బులు రాలేదని అడగబోయినప్పుడు ఈ మాట నేనూ విన్నాను. చదువును కూలికి బదులు లెక్కగట్టేవాడు ఎప్పుడూ ఆ చదువు నాణ్యతను లెక్కలోకి తీసుకోడు.

ఇదే బైయర్స్ రిటైరయ్యాక 1995లో పుస్తకం రాసి, ఈ ఏర్పాటును తోటల బానిసత్వంతో పోల్చాడు. 2011లో చరిత్రకారుడు టేలర్ బ్రాంచ్ అట్లాంటిక్ పత్రికలో పెద్ద వ్యాసం రాస్తూ, బానిసత్వంతో సమానమనటం తగదని జాగ్రత్త చెబుతూనే తోటల వాసన మాత్రం వుందన్నాడు. బ్రాంచ్ వ్యాసం గొప్పది, చాలామంది కళ్ళు తెరిపించింది. అయినా ఈ పోలికతో నాకు పేచీ వుంది. యజమాని పాపం ఎంత పెద్దదో ఇది చెబుతుంది, పనివాడు ఏం చేశాడో చెప్పదు. యజమాని పదవి దిగాక చెప్పుకునే పశ్చాత్తాపానికి ఇది బాగా పనికొస్తుంది.

పనివాడు ఏం చేశాడో మిసూరీ యూనివర్సిటీలో చూడాలి. 2012లో టీవీ డబ్బు వెతుక్కుంటూ ఎస్ఈసీలోకి మారిన యూనివర్సిటీ ఇది. 2015లో క్యాంపస్‌లో జాత్యహంకారాన్ని పట్టించుకోని అధ్యక్షుడు దిగిపోవాలని ఒక నల్లజాతి పరిశోధక విద్యార్థి నవంబర్ 2న నిరాహారదీక్షకు కూచున్నాడు. రోజులు గడిచాయి, అధ్యక్షుడు కదల్లేదు. 7న నల్లజాతి ఫుట్‌బాల్ ఆటగాళ్ళు, ఆయన దిగేదాకా ఆడం, సాధన చెయ్యం అని ప్రకటించారు. తర్వాతి వారాంతంలో జరగాల్సిన ఒక్క ఆట మానితే ఒప్పందం ప్రకారం యూనివర్సిటీ 10 లక్షల డాలర్లు కట్టాలి. 9న అధ్యక్షుడు రాజీనామా చేశాడు. ఆకలికి కదలనిది ఆట ఆగుతుందంటే రెండు రోజుల్లో కదిలింది. దీన్ని అందరికన్నా బాగా అర్థం చేసుకున్నది పాలకులు. ఆడనన్న ఆటగాడి స్కాలర్‌షిప్ రద్దు చెయ్యాలని ఆ డిసెంబర్‌లోనే మిసూరీ శాసనసభలో బిల్లు పెట్టారు. గొడవయ్యాక వెనక్కి తీసుకున్నారు. సంప్రదాయం గురించి పేజీలు నింపేవాళ్ళు ఆ రెండు రోజుల గురించి ఒక పేరా రాయరేం?

ఇక నల్లజాతి కాలేజీల సంగతి. చిన్న జట్లు డబ్బు కోసం పెద్ద జట్ల చేతిలో ఓడిపోవటానికి పోతాయి. 2012లో జార్జియాలోని సవానా స్టేట్ వరసగా రెండు వారాల్లో ఓక్లహామా స్టేట్ చేతిలో 84-0తో, ఫ్లారిడా స్టేట్ చేతిలో 55-0తో ఓడింది. ఆ రెండు ఆటలకూ దొరికింది మొత్తం 8,60,000 డాలర్లు. అది వీళ్ళకు సాలుపొడుగునా బండి లాగే డబ్బు. 2019లో ఆ కాలేజీ పై అంచెలో నిలవలేక రెండో డివిజన్‌కు దిగిపోయింది. గ్రాంబ్లింగ్ ఆటగాళ్ళు 2013లో సౌకర్యాలు బాగాలేవని ఒక ఆట ఆడటానికే నిరాకరించారు. 1960లో గ్రీన్స్‌బరోలో ఒక దుకాణంలోని భోజన బల్ల దగ్గర కూచుని వర్ణవివక్షను ఎదిరించిన నలుగురు విద్యార్థుల కాలేజీ, నార్త్ కరొలైనా ఎ అండ్ టి కూడా 2021లో నల్లజాతి కాలేజీల కూటమిని వదిలిపెట్టింది. దాన్ని తప్పుబట్టటం సులువు. ఇల్లు కారుతుంటే కట్టుబడి వుండమనటం కష్టం. అదే లోకంలో 2023లో టెక్సస్ ఎ అండ్ ఎం తన కోచ్‌ను ఇంటికి పంపటానికి 7.5 కోట్ల డాలర్లకు పైగా ఒప్పుకుంది. పని చేసినందుకు కాదు, మానిపించినందుకు.

2025 జూన్ 6న హౌస్ కేసులో రాజీకి కోర్టు ఒప్పుకుంది. పాత ఆటగాళ్ళకు పదేళ్ళలో సుమారు 280 కోట్ల డాలర్లు. ఇకనుంచి ఒక్కో కాలేజీ ఏడాదికి 2.05 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్ళకు నేరుగా పంచొచ్చు, ఇది మొదటి ఏటి పరిమితి. ఇది గెలుపే, కాదనకూడదు. కానీ పరిమితి పెట్టింది ఎవరు? కాలేజీలు. కోచ్ జీతానికి అట్లాంటి పరిమితి లేదు. పాత బాకీలో ఎక్కువ భాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ మగపిల్లలకు పోతుందని ఎనిమిదిమంది క్రీడాకారిణులు వెంటనే అప్పీలు వేశారు. అన్నిటికన్నా ముఖ్యం, ఈ రాజీ ఆటగాణ్ణి పనివాడని ఎక్కడా ఒప్పుకోలేదు. పనివాడైతే సంఘం వస్తుంది, సంఘం వస్తే టీవీ ఒప్పందం రాసేచోట కుర్చీ అడుగుతుంది. నార్త్‌వెస్టర్న్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళు 2014లో ఆ ప్రయత్నం చేశారు. మరుసటేడు జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ఆ కేసులో తలదూర్చనంది. డార్ట్‌మత్ బాస్కెట్‌బాల్ జట్టు 2024 మార్చిలో 13-2 ఓట్లతో సంఘం కావాలంది. కాలేజీ వాళ్ళతో చర్చలకు కూచోలేదు. ప్రభుత్వం మారబోతుండగా, కొత్త బోర్డు దీన్ని అందరికీ వర్తించేలా కొట్టేస్తుందన్న భయంతో, డిసెంబర్ 31న సంఘం తానే పిటిషన్ వెనక్కి తీసుకుంది.