రెండు బెల్టుల ఫిరంగి

సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో తయారైన సైనికులను మోసే బీఎంపీ-2 'సారథ్' కవచవాహనాన్ని చూస్తే చాలామంది దృష్టి దాని ఇనుప పట్టాల మీదికే పోతుంది. నన్ను ఆపేది మాత్రం టరెట్‌లోంచి సన్నగా ముందుకు సాగిన 30 మిల్లీమీటర్ల ఫిరంగి. దాని అసలు పనితనం లోపలుంది. ఒక బెల్టులో కవచాన్ని చీల్చే గుండ్లు 160, మరోదానిలో పేలే గుండ్లు 340. ఎదురుగా ఉన్నది కవచవాహనమా, గట్టు చాటున మాటువేసిన శత్రువా అన్నది చూసుకుని గన్నర్ స్విచ్ మారుస్తాడు. బెల్టు విప్పి మళ్లీ ఎక్కించే పనే లేదు. ఒక గుండు పేలినప్పుడు పుట్టే వాయువు కొంత పక్కకు మళ్లి, ఖాళీ తొడుగును బయటికి తోయించి, తర్వాతి గుండును గొట్టంలోకి తెప్పిస్తుంది. పేలిన ప్రతి గుండూ తన వెనకదానికి దారి చేసి పోతుందన్నమాట, ఎంత చక్కని ఏర్పాటు! నిమిషానికి 550కి పైగా కాల్చగలదు గానీ, 200 నుంచి 300 దాకా కాల్చే నిదానపు వేగమే నాకు ముచ్చట. నాలుగు గుండ్లు వదిలి, ఎక్కడ పడ్డాయో చూసి, గురి సర్దుకుని మళ్లీ కాల్చడానికి వీలుంటుంది. వాహనం గతుకుల్లో ఊగినా గొట్టం ఊగకుండా స్టెబిలైజర్ పట్టి ఉంచుతుంది. ఇదే జాతి ఫిరంగి సీఆర్ఎన్-91 పేరుతో మన గస్తీ నౌకల మీదా ఉంది. ఇక బెల్టు నింపే చేతుల ఓపిక వేరే చెప్పాలి. ప్రతి గుండునూ తడిమి, సొట్ట పడినదాన్ని పక్కన పెట్టి, లింకులో సరిగ్గా కూర్చుందో లేదో చూస్తారు. వాహనం వెనక తలుపులు తెరుచుకుని దిగే సైనికులు ఆ జాగ్రత్తను నమ్ముకునే నేల మీద కాలు పెడతారు.